రొయ్యల షెడ్లలో ఏం అడగాలి?

ప్రశ్న: మా రొయ్యల ఎగుమతి సంస్థను విదేశీ కొనుగోలుదారు సామాజిక ప్రభావ నివేదిక అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: రొయ్యలు ఒలిచే షెడ్ల దగ్గర మొదలుపెట్టండి. కాంట్రాక్టరు కింద పనిచేసే ఆడవాళ్ల పేర్లు తరచూ మీ జీతాల రిజిస్టర్‌లో కనిపించవు. కూలి చేతికి ఎంతొస్తోంది, అడ్వాన్సు కింద ఎంత కోస్తున్నారు, ఐసునీళ్లలో నాని చేతులు పాడైతే వైద్యం ఎవరు చేయిస్తున్నారు? సూపర్‌వైజరు లేనప్పుడు, వలస వచ్చినవాళ్లను వాళ్ల భాషలోనే అడగాలి. ముందే చెప్పి వచ్చే ఆడిట్‌ను నేను నమ్మను.

సామాజిక ప్రభావాల అంచనాకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఇచ్చిన 2020 మార్గదర్శకాలు స్థానికులనూ, పిల్లలనూ లెక్కలోకి తీసుకోమంటాయి. చెరువుల ఉప్పునీటికి పక్క వరిచేను దెబ్బతిందా, ఊరి మంచినీళ్లు చెడ్డాయా చూడండి. ధర తగ్గించమని కొనుగోలుదారు పెట్టే ఒత్తిడినీ తప్పక రాయండి. కూలిలో కోత చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.