హవాయి చొక్కా, సిరిసిల్ల సాంచా

గోవా టూర్‌కు పోయొచ్చిన మన సీనియర్ల ఫొటోలు చూడండి. సగం మంది ఒంటి మీద ఒకటే రకం చొక్కా ఉంటుంది: పొట్టి చేతులు, తెరిచిన కాలర్, ఒళ్లంతా మందారాలు, కొబ్బరి చెట్లు, చిలకలు. ఫెస్ట్‌లో బీచ్ థీమ్ అన్నా అదే. అందరం హవాయి చొక్కా అంటాం గానీ అది హవాయికి ఎట్లా చెందిందో అడిగేవాళ్లు తక్కువ.

నాది సిరిసిల్ల. మా ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది సాంచాలున్నాయి (మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు). ఏ బట్ట చూసినా నాకు ముందు తట్టే ప్రశ్న, ఇది ఎవరు నేశారు అని. హవాయి చొక్కా గురించి ఆ ప్రశ్న వేసుకుని చదువుతూ పోతే వింత జవాబు దొరికింది. దాని గుడ్డ హవాయిలో ఎవరూ నేయలేదు.

ఆ దీవులు పసిఫిక్ సముద్రం నడుమ ఉన్నాయి. అక్కడి మూలవాసులకు మగ్గం లేదు. మల్బరీ జాతికి చెందిన వౌకే అనే చెట్టు బెరడును నానబెట్టి, కర్రతో కొట్టి కొట్టి పలుచగా సాగదీసి కాపా అనే బట్ట చేసుకునేవారు. వెదురు బద్దల మీద అచ్చులు చెక్కి, దాని మీద రంగుతో అద్దేవారు. అంటే నేత లేదు గానీ అద్దకం ఉంది. 1820లో అమెరికా మిషనరీలు వచ్చాక కుట్టిన బట్టలు వాడుకలోకి వచ్చాయి. ఆ తర్వాత చెరకు తోటలు. వాటిలో పనికి చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలను ఓడల్లో దింపారు. తోట కూలీలు పలాకా అనే గళ్ల చొక్కా వేసుకునేవారు. ముతక నూలు, నీలం తెలుపు గళ్లు, చెరకు ఆకు గీసుకుపోకుండా ఉండే బట్ట.

ఇక్కడ ఒక పక్కమాట. ఇంకో దీవి చెరకు తోటల్లో మనవాళ్లూ ఉన్నారు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఫిజీకి పోయిన గిర్మిట్ కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. ఇప్పుడు ఫిజీలో ఇదే పువ్వుల చొక్కాను బులా చొక్కా అంటారు, ఆఫీసుకు కూడా వేసుకుపోతారు.

మళ్లీ హవాయికి వద్దాం. కిమోనోలు కుట్టడానికి జపాన్ నుంచి వచ్చే పువ్వుల గుడ్డతో హొనొలులు దర్జీలు చొక్కాలు కుట్టడం మొదలుపెట్టారు. 1935లో మూసా షియా అనే జపాన్ వాళ్ల దుకాణం అలోహా చొక్కాల పేరుతో పేపర్లో ప్రకటన ఇచ్చింది. కొద్దికాలానికే ఎల్లరీ చున్ అనే చైనా మూలాల వ్యాపారి ఆ పేరును ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు. ఆయన చొక్కాలకు బొమ్మలు గీసింది ఆయన చెల్లెలు. కిమోనో పువ్వుల స్థానంలో చేపలు, అనాస, తాటి జాతి చెట్లు వచ్చాయి. అదే కాలంలో వాటుమల్ కుటుంబం తమ బంధువు ఎల్సీ దాస్ చేత హవాయి పువ్వుల డిజైన్లు గీయించి, వాటిని జపాన్‌కు పంపి పట్టు మీద అద్దించింది. ఈ వాటుమల్‌లు హైదరాబాద్ వాళ్లు. సంబరపడకండి, మన హైదరాబాద్ కాదు, సింధులోది.

ఇప్పుడు లెక్క చూడండి. గుడ్డ జపాన్‌ది, దుకాణం చైనా మనిషిదో సింధీ మనిషిదో, కుట్టింది వలస వచ్చిన దర్జీలు. దీవిది ఏముంది? బొమ్మ ఉంది. ఏ పువ్వు, ఏ రంగు, ఎంత పెద్దగా అన్న నిర్ణయం దీవిలో జరిగింది. పేరు ఆ నిర్ణయానికి దక్కింది.

మన మ్యాగజైన్‌లో తప్పక చెప్పుకోవాల్సిన మనిషి ఆల్ఫ్రెడ్ షహీన్. కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానం నడిపి, తిరిగొచ్చాక బట్టల వ్యాపారంలోకి దిగాడు. బయటి నుంచి ప్రింటు గుడ్డ తెప్పించుకుంటే ఆలస్యం, పైగా అందరి దగ్గరా అదే డిజైను. అందుకని యుద్ధం తర్వాత మిగిలిన తుక్కు సామానుతో అద్దకం యంత్రాలు సొంతంగా కట్టుకున్నాడు. డిజైనర్లను జీతానికి పెట్టుకున్నాడు. 1959 నాటికి ఆయన దగ్గర 400 మంది పనిచేసేవారు. 1961లో ఎల్విస్ ప్రెస్లీ బ్లూ హవాయి ఆల్బమ్ అట్ట మీద వేసుకున్నది షహీన్ చొక్కానే. ఆయన కూడా మగ్గం పెట్టలేదు. తెల్ల గుడ్డ బయటి నుంచే వచ్చేది.

చొక్కా తయారీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. పాత మంచి చొక్కాలు ఎక్కువగా రేయాన్‌వి. రేయాన్ అంటే చెట్టే. కలప గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో తేనెలాంటి ద్రవంగా మార్చి, సన్నని రంధ్రాల గుండా ఆమ్లంలోకి వదిలితే దారంగా గట్టిపడుతుంది. కెమికల్ బ్రాంచి వాళ్లకు ఇది పాత పాఠం. ఆ గుజ్జు మన రాష్ట్రంలోనే కమలాపురం మిల్లులో తయారయ్యేది, 2014లో అది మూతపడింది. రేయాన్ చెమటను పీల్చుకుంటుంది, జారుగా వేలాడుతుంది, రంగును లోతుగా పట్టుకుంటుంది. గాలిలో నుంచి తేమ పట్టుకునే గుణం నూలుకు దాదాపు 8 శాతం, రేయాన్‌కు 11 నుంచి 13, పాలిస్టర్‌కు 0.4. మే నెలలో కరీంనగర్ బస్టాండులో పాలిస్టర్ చొక్కాతో నిలబడ్డవాళ్లకు ఈ అంకె విడమరచి చెప్పనక్కర్లేదు.

స్క్రీన్ అద్దకంలో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. ఎనిమిది రంగుల మందారానికి ఎనిమిది స్క్రీన్లు, ఎనిమిదీ ఒకే చోట కూర్చోవాలి. ఒకటి వెంట్రుకంత పక్కకు జరిగినా రేకకూ దాని అంచుకూ మధ్య తెల్ల గీత కనిపిస్తుంది. తర్వాత కత్తిరింపు. మంచి హవాయి చొక్కాను గుర్తుపట్టాలంటే జేబు చూడండి. జేబు ఎక్కడుందో వెంటనే కనబడకూడదు, ఎందుకంటే దాని మీది పువ్వు కింది పువ్వుతో సరిగ్గా కలుస్తుంది. ముందు రెండు భాగాలు గుండీ పెడితే బొమ్మ తెగకుండా కలవాలి. దీనికోసం కత్తిరించే మనిషి గుడ్డంతా వెతికి అదే పువ్వు అదే కొలతలో ఉన్న చోట జేబు కోయాలి. గుడ్డ వృథా అవుతుంది, టైం పడుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే చొక్కాలో జేబు మీద చిలకకు తల ఉండదు, ఇందుకే. కాలర్‌కు పట్టీ ఉండదు, పరుచుకుని ఉంటుంది. కింది అంచు తిన్నగా ఉంటుంది, టక్ చేయకుండా వేసుకోవడానికి. ఉక్కపోతలో గాలి ఆడటం కోసం ఇదంతా.

వేసుకునే చోటు కోసం కూడా పోరాడారు. కోటు, టై తప్పనిసరైన ఆఫీసుల్లోకి దీన్ని తేవడానికి 1962లో అక్కడి బట్టల తయారీదారుల సంఘం చట్టసభ సభ్యులు ఒక్కొక్కరికి రెండేసి చొక్కాలు పంచింది. 1966 నుంచి శుక్రవారం అలోహా శుక్రవారం అయింది.

ఇక మా ఊరు. సిరిసిల్లలో ముప్పై వేలకు పైగా సాంచాలు, ఎక్కువ భాగం పాలిస్టర్ మీద నడుస్తాయి, కొన్ని నూలు లంగా గుడ్డ మీద. యజమాని నూలు ఇస్తాడు, మా బాపులాంటి ఆసామి నేసి ఇస్తాడు, మీటరుకు ఇంత అని కూలి. గుడ్డ తెల్లగా, రంగూ పువ్వూ లేకుండా ఊరు దాటుతుంది. అద్దకం వేరే ఊళ్లో, కుట్టు ఇంకో ఊళ్లో, పేరు ఎవరిదో. పనితనం లేక కాదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు మా ఊరాయనే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక ఇండ్లల్ల నాలుగు రూపాయలు కనబడ్డాయి. 2024లో ఆ పంపిణీ ఆగింది, సాంచాలూ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చేదాకా మా అవ్వ బీడీలు చుట్టిన పైసలతోనే ఇల్లు నడిచింది. కొనేవాడు ఒక్కడే అయితే ఇంతే. పెద్దూరులో అపెరల్ పార్కు వచ్చింది, మా వీధి ఆడపిల్లలు కుట్టు పనికి పోతున్నారు, మంచిదే. బాపు నేసిన గుడ్డ మాత్రం ఆ గేటు లోపలికి పోయిందని నేను వినలేదు.

అదిలాబాద్ పత్తి కథ కూడా వేరు కాదు. జిన్నింగ్ మిల్లు దాకా మనది, బేళ్లు కట్టి లారీ ఎక్కాక మనది కాదు.

ఈ సెలవుల్లో బాపును అడిగాను, మనమే పువ్వు వేస్తే ఎట్లుంటది అని. "మనది తెల్లగుడ్డ బిడ్డా, పువ్వు ఏసేటోళ్లు ఏరే ఉంటరు," అన్నాడు. అయినా నాలుగు మీటర్ల తాను ముక్క చేతిలో పెట్టాడు. పాలిస్టర్‌కు ఒక సుఖం ఉంది. డిస్పర్స్ రంగును కాగితం మీద ప్రింటు తీసి, దాదాపు 200 డిగ్రీల వేడిలో ఒత్తితే రంగు ఆవిరై దారంలోకి దూరుతుంది. స్క్రీన్లు అక్కర్లేదు, నీళ్లూ దాదాపు అక్కర్లేదు. టీషర్టుల మీద బొమ్మలు వేసే దుకాణాల్లో ఉండేది ఈ యంత్రమే. కాకపోతే సాంచా మీద నుంచి దిగిన గుడ్డను నేరుగా ఒత్తకూడదు. నూనె మరకలు, సైజింగ్ పోయేదాకా కడగాలి, ఆ తర్వాత బిగదీసి ఒకసారి వేడి పట్టించాలి, లేకపోతే ప్రెస్ కిందే ముడుచుకుంటుంది.

మందారం వద్దనుకున్నాం. నా ఫ్రెండు తంగేడు, గునుగు గీసింది, మోదుగు పువ్వు కూడా. గుస్సాడీల నెమలి టోపీ గీద్దామని కూడా అన్నది, చాలా అందంగా వస్తుంది నిజమే. నేను ఒప్పుకోలేదు. అది గోండులకు దండారి పండుగలో దైవ సంబంధమైనది. వాళ్లను అడగకుండా దాన్ని చొక్కా జేబు మీద పెట్టే హక్కు మనకు లేదు. హవాయిలో కూడా మూలవాసుల పవిత్ర గుర్తులను అమ్ముకోవడం మీద గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

చొక్కా మా వీధి దర్జీ బాబాయ్ కుట్టాడు. జేబు కలపడానికి గంటన్నర పట్టింది. కలిసింది. బాపు వేసుకుని అద్దంలో చూసుకుని, "ఉక్కపోత పెడ్తంది," అన్నాడు. 0.4 శాతం అంటే ఏమిటో ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. అదే సాంచా మీద రేయాన్ నూలు ఎక్కించవచ్చు. లంగా గుడ్డ నేసే సాంచాల మీద నూలు చొక్కా గుడ్డ నేయవచ్చు. అయితే వాటి మీద రంగు నిలవాలంటే రియాక్టివ్ రంగులు, ఆవిరి పట్టడం, బాగా ఉతకడం కావాలి, ఆ రంగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటు కావాలి. దాన్ని పక్కనపెట్టి అద్దకం మొదలుపెడితే ఆ నీళ్లన్నీ మానేరులోకి పోతాయి, అది చేయకూడని పని. ఇక్కడ నాకు సివిల్, కెమికల్ బ్రాంచి వాళ్ల సాయం కావాలి. చిన్న అద్దకం యూనిట్‌కు రోజుకు ఎన్ని నీళ్లు పడతాయి, ఎన్ని తిరిగి వాడవచ్చు, ప్లాంటు ఖర్చు ఎన్ని సాంచాల మధ్య పంచితే ఆసామికి మోయగలిగినంత అవుతుంది అన్న లెక్క వేయాలి. ప్రాజెక్టు టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లు క్లబ్‌కు చెప్పండి. లంగా గుడ్డ రెండు తాన్లు నా హాస్టల్ రూములోనే ఉన్నాయి, స్క్రీన్లకు చెక్క చట్రాలు కూడా చేయించాను.