లావు మొదలు మొక్క

వాకిట్లో రెండు కుండీలు ఉన్నాయి. ఒక కుండీలో మొక్క మొదలు కుండలా ఉబ్బి ఉంది. దాని పువ్వు ఎరుపు. రెండో మొక్క మొదలు అంత లావు లేదు. దాని పువ్వు తెలుపు.

"అత్తమ్మా, ఇవి వేరు వేరు మొక్కలు కదా?" అడిగింది కోడలు.

"కాదమ్మా. రెండూ ఒకే కాయలోని గింజలు. ఒక తల్లి పిల్లలంతా ఒకే తీరుగా ఉంటారా?" అంది అత్త.

ఈ మొక్క పేరు అడీనియం. ఎడారి గులాబీ అని కూడా అంటారు. కానీ ఇది గులాబీ కాదు. గన్నేరుకు చుట్టం. దీని పుట్టిల్లు ఆఫ్రికా, అరేబియా. అక్కడ వాన కొద్ది నెలలే. గాదెలో ధాన్యం దాచినట్టు, ఈ మొక్క మొదలులో నీళ్లు దాచుకుంటుంది. అందుకే మొదలు లావు.

గుర్తుపట్టడం ఎలా?

పువ్వు రంగును నమ్మరాదు. గింజ మొక్కకు తల్లి రంగే రావాలని లేదు. అదే రంగు కావాలంటే అంటు కట్టాలి. ఈ గుర్తులు చూడాలి:

మొదలు లావుగా ఉంటుంది.
ఆకులు కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి.
పువ్వు బూరలా ఉంటుంది. రేకులు అయిదు.
కాయలు జంట కొమ్ముల్లా ఉంటాయి.
గింజకు రెండు చివర్లా దూది ఉంటుంది.

పెంచడం ఎలా?

మంచి ఎండ కావాలి. మట్టిలో ఇసుక కలపాలి. కుండీ అడుగున చిల్లు ఉండాలి. మట్టి ఆరాకే నీళ్లు పోయాలి.

చలికాలం వచ్చింది. ఆకులు రాలాయి. కోడలు భయపడింది. రోజూ చెంబెడు నీళ్లు పోసింది. ఎర్రపువ్వు మొక్క మొదలు మెత్తబడింది.

అత్త వేలితో నొక్కి చూసింది. "ఆకు రాలడం రోగం కాదమ్మా. చలికాలంలో దానికి నీళ్లు తక్కువ చాలు. మట్టి ఎండి మొదలు ముడతలు పడితే దాహం. మట్టి తడిగా ఉండి మొదలు మెత్తబడితే కుళ్లు. ఇది కుళ్లే" అంది.

అత్త మొక్కను పెరికింది. కుళ్లిన భాగమంతా కోసేసింది. కోసిన చోట రసం కారింది. మనవడు పరుగున వచ్చి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు! అది విషం!" అని అరిచింది అత్త. కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుంది.

ఆఫ్రికాలో వేటగాళ్లు ఈ రసాన్ని బాణాలకు పూసేవారు. ఇది గుండెను దెబ్బ తీస్తుంది. పిల్లలకు, మేకలకు అందని చోట కుండీ పెట్టాలి. కోశాక కత్తిని, చేతులను సబ్బుతో కడగాలి. ఎవరైనా ఆకు గానీ, కాయ గానీ నమిలితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అత్త మొక్కను కొన్నాళ్లు నీడలో ఆరబెట్టింది. గాయం ఎండింది. అప్పుడు పొడి మట్టిలో నాటింది. ఎండలు ముదిరాక కొత్త చిగురు వచ్చింది. కోడలు చెంబు పట్టుకుని వచ్చింది. ముందు మట్టిలో వేలు పెట్టి చూసింది. తడి తగిలింది. చెంబు పక్కన పెట్టేసింది.

చెప్పండి

1. మొక్క మొదలు ఎందుకు లావుగా ఉంటుంది?
2. దాహానికి, కుళ్లుకు తేడా ఏమిటి?
3. మీ ఇంటి చుట్టుపక్కల విషపు మొక్కలు ఏవి ఉన్నాయి?