ఆండ్రోమెడాలోని ఒక తార – విశ్వవైశాల్యము

టాలెమీ భూకేంద్ర సిద్ధాంతమును 1543లో కోపర్నికస్ గ్రంథము కదల్చినదనియు, 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహపు నాలుగు ఉపగ్రహములు ఆ మార్పునకు బలము చేకూర్చెననియు పాఠకులు ఎరుగుదురు. అంతకు వేయేండ్లకు పూర్వమే ఆర్యభటుడు భూభ్రమణమును చెప్పియుండుట మరువరాదు.

అయినను విశ్వమును మన కన్నుల యెదుట అన్నిటికంటె విశాల మొనర్చిన ఘట్టము 1923 అక్టోబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలయందు జరిగినది. పాలపుంతయే సమస్త విశ్వమా, దానికి వెలుపల వేరు గెలాక్సీలు కలవా యని 1920లో షాప్లీ, కర్టిస్ వాదించి తేల్పలేకపోయిన ప్రశ్నకు, 100 అంగుళముల దూరదర్శినితో తీసిన ఆండ్రోమెడా నీహారిక ఛాయాచిత్రఫలకముపైని ఒక చుక్క సమాధాన మిచ్చెను. నోవా యని తలచి తాను వ్రాసిన ‘ఎన్’ అక్షరమును ఖగోళశాస్త్రజ్ఞుడు హబుల్ కొట్టివేసి, అది కాంతి మారు తారయని ఆ ఫలకముపైననే గుర్తు వ్రాసెను. అది సెఫీడ్ జాతి తార; అట్టి తారల కాంతి హెచ్చుతగ్గుల ఆవర్తనకాలము దీర్ఘమైనకొలది వాని నిజకాంతి అధికమగునని 1912లో హెన్రియెటా లెవిట్ నిరూపించి యుండనిచో ఆండ్రోమెడా దూరము తెలిసెడిది కాదు. హబుల్ పేరుతోపాటు ఆమె పేరును తప్పక స్మరింపవలెను. హబుల్ గణించిన దూరము సుమారు 9 లక్షల కాంతి సంవత్సరములు; కనుక ఆండ్రోమెడా పాలపుంతకు వెలుపలి గెలాక్సీయే. నేటి లెక్క సుమారు 25 లక్షలు.

1929లో ఆయన గెలాక్సీలు దూరమైనకొలది వాని పలాయనవేగము పెరుగునని చూపెను. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన విశ్వ నేపథ్య వికిరణము, ఆ పలాయనమునకు మూలము చెప్పు మహావిస్ఫోటన సిద్ధాంతమునకు ప్రబల సాక్ష్యమై, వారికి 1978లో నోబెల్ బహుమతిని తెచ్చిపెట్టెను.