'ఇబ్రాహీం' అనే పేరు

ప్రతి నమాజులో అత్తహియ్యాత్ తర్వాత మనం దరూద్ పఠిస్తాం. అందులో మన ప్రవక్త (స) పేరుతో పాటు మన నాలుకపై పలికే మరో పేరు ఇబ్రాహీం. అయితే అదే పేరును బిడ్డకు పెట్టడానికి కొందరు జంకుతారు. వీర్నపల్లి మొదలు కోరుట్ల దాకా మన పల్లెల్లో "నామ్ భారీ హై" అనే మాట వినపడుతూనే ఉంటుంది. ప్రవక్తల పేర్లు బరువైనవట, పసివాడు మోయలేడట! బిడ్డకు జ్వరం వస్తే పేరు మార్చేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. కనుక ఈ పేరు సంగతేమిటో పరిశీలిద్దాం.

ఇది అరబీ పదం కాదు. అరబీ వ్యాకర్తలు దీన్ని 'అజమీ' (అరబేతర) పేరుగానే లెక్కించారు. అందుకే దీనికి తన్వీన్ రాదు. హీబ్రూలో ఇది 'అవ్రాహాం'. ఆదికాండము 17వ అధ్యాయం ప్రకారం ఆయన మొదటి పేరు 'అవ్రాం', అంటే ఉన్నతుడైన తండ్రి. 99వ ఏట అది 'అవ్రాహాం'గా మారింది. అనేక జాతులకు తండ్రి అని దానికి అక్కడే వివరణ ఉంది. హీబ్రూ 'అవ్', అరబీ 'అబ్' ఒకటే మాట. మన ముఫస్సిర్లలో కొందరు సుర్యానీ భాషలో దీనికి 'దయగల తండ్రి' అని అర్థం చెప్పారు. వినడానికి ఇంపుగానే ఉన్నా, అది ధ్వని పోలికను బట్టి చెప్పిన అర్థమేనని మాకు తోస్తుంది. మన పొరుగు క్రైస్తవ సోదరుల 'అబ్రాహాము' కూడా ఈ పేరే.

దివ్యఖుర్ఆన్‌లో ఈ పేరు 69 సార్లు వచ్చింది. 14వ సూరా పేరే ఇబ్రాహీం. మీ ఇంట్లోని ముస్‌హఫ్ తెరచి చూడండి: బఖరా సూరాలో ఈ పేరు 'యా' అక్షరం లేకుండా ఉంటుంది, ఆలి ఇమ్రాన్‌లో 'యా'తో ఉంటుంది. ఇబ్నె ఆమిర్ ఖిరాఅత్‌లో కొన్నిచోట్ల దీన్ని 'ఇబ్రాహామ్' అని పఠిస్తారు. హీబ్రూ ఉచ్చారణకు అది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

ఈ పేరు తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రాహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. మన జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి పక్కన ఒక ఇబ్రహీంపట్నం ఉంది, హైదరాబాదు దగ్గర మరొకటి, విజయవాడ దగ్గర ఇంకొకటి. ఇక ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గురువు హమ్మాద్, ఆ హమ్మాద్‌కు గురువు కూఫా పండితుడు ఇబ్రాహీం నఖయీ.

ఇప్పుడు 'బరువు' విషయానికి వద్దాం. మారియా (రజి) గారికి కుమారుడు జన్మించినప్పుడు దైవప్రవక్త (స), రాత్రి తనకు కొడుకు పుట్టాడనీ, తన పితామహుడైన ఇబ్రాహీం పేరు పెట్టాననీ తెలిపారు (ముస్లిం). రెండేళ్ళైనా నిండకుండానే, హిజ్రీ 10లో ఆ పసివాడు కన్నుమూశాడు. ప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి, హృదయం దుఃఖించింది. కానీ ప్రభువుకు ఇష్టం లేని మాట ఒక్కటీ ఆయన నోట రాలేదు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీం మరణం వల్లే పట్టిందని జనం చెప్పుకోసాగారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ఆయన విశదపరిచారు (బుఖారీ). పేరుకు బరువనేదే ఉంటే, ఆ మాట చెప్పడానికి అంతకు మించిన సందర్భం ఉంటుందా? కన్నకొడుకు పోయిన రోజున కూడా ఆయన పేరును నిందించలేదు, ఆకాశాన్ని ఆ మరణంతో ముడిపెట్టనివ్వలేదు.

పేరు హాని చేయనట్లే, ఒట్టి పేరు ఎవరినీ గట్టెక్కించదు కూడా. అల్లాహ్ తనను నాయకునిగా చేస్తానన్నప్పుడు హజ్రత్ ఇబ్రాహీం (అ) తన సంతానం సంగతి అడిగారు. దుర్మార్గులకు తన వాగ్దానం వర్తించదని సమాధానం వచ్చింది (బఖరా: 124). రక్తసంబంధానికే అక్కడ మినహాయింపు లేదు, ఇక పేరు మాటేమిటి?

హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) తనకు పుట్టిన బిడ్డను ప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళారు. ఆయన ఆ బిడ్డకు ఇబ్రాహీం అని నామకరణం చేసి, ఖర్జూరం నమిలి నోట పెట్టి, శుభం కలగాలని దుఆ చేసి తిరిగి తండ్రి చేతికిచ్చారు. అబూ మూసా (రజి) పిల్లలందరిలో పెద్దవాడు అతనేనని బుఖారీలో ఉంది.