పట్నం పోదామా?

వరంగల్‌లో ఒక కుటుంబం ఉంది. భర్త తాపీ మేస్త్రి. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వారికి బడికి పోయే పాప ఉంది.

ఒకరోజు భర్త, "హైదరాబాద్ పోదాం. పట్నంలో కూలి ఎక్కువ" అన్నాడు.

"తొందరపడకయ్యా. ముందు లెక్క రాద్దాం" అంది భార్య. ఆమె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. నోటు పుస్తకం తీసి రాసింది.

వరంగల్‌లో ఇద్దరి సంపాదన నెలకు 18,000 రూపాయలు. ఇంటి అద్దె 3,000. తిండికీ, చదువుకూ మిగిలేది 15,000.

పట్నంలో భర్త కూలి 19,000. అద్దె 7,000. అతని బస్సు ఖర్చు 1,500. మిగిలేది 10,500.

"నీ కుట్టు డబ్బులు రాయలేదేం?" అడిగాడు భర్త.

"ఇక్కడ అందరూ తెలిసినవాళ్ళే. బట్టలు తెచ్చి ఇస్తారు. అక్కడ నన్ను ఎవరు ఎరుగుదురు?"

"జబ్బు చేస్తే?"

"ఇక్కడ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్దాసుపత్రి కావాలంటే పట్నం సుమారు 150 కిలోమీటర్లే. పోయి రావచ్చు."

భర్త లెక్క మళ్ళీ చూశాడు. "ఈ ఏడు ఇక్కడే ఉందాం" అన్నాడు.

అందరి లెక్కా ఒకటి కాదు. ఊళ్ళో పని లేనివారికి పట్నమే దారి కావచ్చు. కానీ కూలి ఎంత అని మాత్రమే చూడరాదు. చేతిలో ఎంత మిగులుతుందో చూడాలి.

మీ ఇంటి లెక్క మీరే రాయండి.