ఎండోస్కోపీ నేర్చే చేయి: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రాయచూరులో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి జీర్ణకోశ ఎండోస్కోపీలో నిపుణురాలు కావాలంటే ఇంకా ఎన్నేళ్లు చదవాలి? ఈ ప్రాంతపు పిల్లలకు ఏదైనా వెసులుబాటు ఉందా?
– ఒక రైతు, పోతనాళ దగ్గరి క్యాంపు

జవాబు: ఎండోస్కోపీ అంటే చివర కెమెరా, వెలుతురు ఉండే వేలి మందపు గొట్టాన్ని నోటి నుంచి గానీ మలద్వారం నుంచి గానీ పంపి, అన్నవాహికను, జీర్ణాశయాన్ని, చిన్నపేగు తొలి భాగమైన ఆంత్రమూలాన్ని, పెద్దపేగును లోపలినుంచి తెరపై చూడడం, అవసరమైతే అక్కడే పరీక్షకు ముక్క తీయడం, కారుతున్న రక్తాన్ని ఆపడం, పాలిప్ అనే కండ పెరుగుదలను కత్తిరించడం. క్యాంపుల్లో, అంటే ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్లలో, 'గొట్టం పరీక్ష' అని పిలిచేది దీన్నే. భారతదేశంలో ఇది ప్రధానంగా జీర్ణకోశ వైద్యం అనే సూపర్ స్పెషాలిటీలో భాగంగా నేర్పబడుతోంది. ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్‌కు ఒక ఏడాది, ఆపైన జనరల్ మెడిసిన్‌లో ఎండీకి మూడేళ్లు పడతాయి. అప్పుడు నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసి, విశ్వవిద్యాలయాలు ఇచ్చే డీఎం గానీ జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ గానీ మరో మూడేళ్లు చదవాలి. శస్త్రచికిత్స వైపు మనసున్నవారు ఎంఎస్ తర్వాత సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఎంసీహెచ్ చేస్తారు. అంటే ఎంబీబీఎస్‌లో చేరిననాటినుంచి లెక్కిస్తే మొత్తం పదకొండున్నరేళ్ల చదువు; ఆ అమ్మాయి ఇప్పటికే చదివిన కాలాన్ని ఇందులోంచి తీసేయాలి. పరీక్షల మధ్య పోయే కాలం దీనికి అదనం.

వెసులుబాటు మాటకొస్తే, రాజ్యాంగంలోని 371(జె) అధికరణ రాయచూరు సహా కల్యాణ కర్ణాటక జిల్లాల స్థానికులకు చదువులోనూ ఉద్యోగాల్లోనూ కొంత వాటా కల్పిస్తున్నందున, తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా స్థానికతకు తగిన ధ్రువపత్రం పొందగలిగితే రాష్ట్ర కోటా సీట్లలో ఆ ప్రయోజనం అందుకోవచ్చు. ఆ ధ్రువపత్రాన్ని సీటు వేళకు వెతుక్కోకుండా ముందే సిద్ధం చేసుకోవడం మేలు. డీఎం, డీఆర్‌ఎన్‌బీ దశకు వచ్చేసరికి మాత్రం జాతీయ స్థాయి ర్యాంకుపైనే ఆధారపడవలసి ఉంటుంది.

ప్రశ్న: శిక్షణకు హైదరాబాద్ మంచిదా, బెంగళూరు మంచిదా? సంస్థను ఎలా ఎంచుకోవాలి?
– అదే క్యాంపు నుంచి మరొకరు

జవాబు: 1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే కాబట్టి, పెద్ద జబ్బు వస్తే రైలెక్కి హైదరాబాద్ వెళ్లడం ఇక్కడివారికి తరతరాల అలవాటు, ఈ శాస్త్రం విషయంలో ఆ అలవాటుకు బలమైన కారణం కూడా ఉంది. ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని హైదరాబాద్‌లో నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, రాయచూరు పొరుగున ఉన్న కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, మద్రాసులో ఎండీ, చండీగఢ్‌లో డీఎం చేసి, ప్రపంచ ఎండోస్కోపీ సంస్థకు అధ్యక్షులుగా పనిచేశారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ పొందారు. జీర్ణకోశ ఎండోస్కోపీ తొలి ప్రపంచ మహాసభ 2017 ఫిబ్రవరిలో జరిగింది కూడా హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ రంగంలో ఉస్మానియా వైద్య కళాశాల, నిమ్స్, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల, ప్రైవేటు రంగంలో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వంటి చోట్ల డీఎం ఉంది.

అయితే పేరు చూసి సంస్థను ఎంచుకోవడం కంటే, అక్కడ ఇప్పుడు చదువుతున్న మూడో సంవత్సరం విద్యార్థిని కలిసి కొన్ని సంగతులు అడగడం ఎక్కువ ఉపయోగం. గొట్టం విద్యార్థి చేతికి ఎప్పుడు ఇస్తారు, ఇచ్చాక గురువు పక్కనే నిలబడతారా లేక మరో గదిలో ఉంటారా, అర్ధరాత్రి రక్తం కక్కుతూ వచ్చిన రోగికి ఎండోస్కోపీ చేసే అవకాశం విద్యార్థికి దొరుకుతుందా, చేసిన ప్రతి పరీక్షా లాగ్‌బుక్ అనే నమోదు పుస్తకంలో గురువు సంతకంతో ఎక్కుతుందా అన్నవి ఆ సంగతులు. రోజుకు వంద పరీక్షలు జరిగే ఆసుపత్రిలో విద్యార్థి తెర వైపు చూస్తూ నిలబడడానికే పరిమితమైతే, అంతకంటే తక్కువ పరీక్షలు జరిగినా చేయి పట్టి నేర్పే చోటే అతనికి మేలు చేస్తుంది. పైత్యరస నాళంలోని రాళ్లను తీసే ఈఆర్‌సీపీ, గొట్టం చివర అల్ట్రాసౌండ్ అమర్చి క్లోమాన్ని పరిశీలించే ఈయూఎస్ వంటి కష్టమైన పద్ధతులకు డీఎం తర్వాత ఫెలోషిప్ పేరిట అదనపు శిక్షణ తీసుకోవడం మామూలే.

ప్రశ్న: చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేసే ఫిజీషియన్ లేదా సర్జన్ కొన్ని వారాల కోర్సు చేసి ఎండోస్కోపీ మొదలుపెట్టవచ్చా?
– ఒక వైద్యుడు, సింధనూరు దారి

జవాబు: ఈ సందేహం వెనుక ఉన్న అవసరం నిజమైనది. డీఎం చేసినవారు పెద్ద నగరాల్లోనే స్థిరపడుతున్నప్పుడు, నల్లటి విరేచనంతో వచ్చిన కూలీకి పుండు ఉందో లేదో చెప్పగలిగినవారు దగ్గరలో ఒక్కరైనా ఉండాలి కాబట్టి, చాలాచోట్ల జనరల్ సర్జన్లు, ఫిజీషియన్లు ఈ పని చేస్తూనే ఉన్నారు. కాని శిక్షణను వారాల్లో లెక్కించడమే పొరపాటు.

ఎడమ చేతి బొటనవేలితో పెద్ద చక్రాన్ని తిప్పితే గొట్టం కొస పైకీ కిందికీ, చిన్న చక్రాన్ని తిప్పితే పక్కలకూ వంగుతుంది. అదే చేతి వేళ్లు గాలి, నీరు, పీల్పు మీటలను నొక్కుతుంటే, కుడి చేయి గొట్టాన్ని ముందుకు నెట్టడం, వెనక్కి లాగడం, మెలితిప్పడం చేస్తుంది. ఈ రెండు చేతులూ ఆలోచన అక్కరలేకుండా కలిసి కదలడం మొదలైన తర్వాతే కన్ను పూర్తిగా జబ్బు మీద నిలుస్తుంది. పెద్దపేగు పరీక్షలో, అంటే కొలనోస్కోపీలో, నెట్టినకొద్దీ గొట్టం పేగులో చుట్ట చుట్టుకొని కొస ముందుకు పోదు, రోగికి నొప్పి పెరుగుతుంది. అప్పుడు నెట్టడం ఆపి, వెనక్కి లాగి, మెలి విప్పి తిన్నగా చేసుకోవాలి. ఎక్కడ వెనక్కి లాగాలో తెలియడమే ఈ విద్యలో సగం.

అందుకే అమెరికన్ జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం, పర్యవేక్షణలో 130 పై ఎండోస్కోపీలైనా పూర్తయ్యాకే అభ్యర్థి నైపుణ్యాన్ని అంచనా వేయాలని సూచించింది. బ్రిటన్‌లో ఆ అంకె ఇంకా ఎక్కువ. కొలనోస్కోపీలో విద్యార్థి సగటున సుమారు 275 పరీక్షలు చేశాక గానీ నిలదొక్కుకోడని మేయో క్లినిక్ పరిశీలన తేల్చింది. ఈ అంకెలు అర్హతాపత్రాలు కావు, అంచనా మొదలుపెట్టడానికి గీసిన గీతలు మాత్రమే. అసలు కొలత నాణ్యతలో ఉంది: వందకు కనీసం తొంభై కొలనోస్కోపీల్లో గొట్టం పెద్దపేగు మొదలయ్యే సీకమ్ దాకా చేరిందా, అక్కడినుంచి వెనక్కి వస్తూ కనీసం 6 నిమిషాలు గోడలను వెతికారా, పై ఎండోస్కోపీలో చూపుకు 7 నిమిషాలైనా ఇచ్చారా అన్నవి అభ్యర్థి తనకు తానే నెలనెలా లెక్క కట్టుకోవాలి. తొందరలో తప్పిపోయిన తొలిదశ క్యాన్సర్ ఏ లాగ్‌బుక్‌లోనూ కనబడదు. కాబట్టి కొన్ని వారాల కోర్సును ఆరంభంగా తీసుకొని, పై భాగపు పరీక్షలకే పరిమితమై, ఒక అనుభవజ్ఞుడి దగ్గర నెలల తరబడి వెళ్లివస్తూ, పాలిప్ తీయడం వంటి చికిత్సలను పెద్ద కేంద్రానికి పంపడం న్యాయం.

ఇలా అంకెలు సూచించే సంఘాలు కొత్తవేమీ కావు. కొంతవరకు వంగే గ్యాస్ట్రోస్కోప్‌ను 1932లో రూపొందించిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ షిండ్లర్, అమెరికాకు వలస వెళ్లి 1941లో చికాగోలో గ్యాస్ట్రోస్కోపీ క్లబ్‌ను ప్రారంభించాడు. పైన చెప్పిన అమెరికన్ సంఘం దానినుంచి ఎదిగినదే. భారతదేశంలో ఇలాంటి సంఘం 1979లో ఏర్పడింది.

ప్రశ్న: పుస్తకాలు, వీడియోలు, సిమ్యులేటర్లు ఎంతవరకు పనికొస్తాయి?
– ఒక పీజీ విద్యార్థిని, రాయచూరు

జవాబు: కాటన్, విలియమ్స్ రాసిన ప్రాక్టికల్ గ్యాస్ట్రోఇంటెస్టైనల్ ఎండోస్కోపీ తొలినాళ్ల విద్యార్థికి ఇప్పటికీ మంచి తోడు. భారతీయ సంఘం వెలువరించే జర్నల్ ఆఫ్ డైజెస్టివ్ ఎండోస్కోపీలో మన దేశపు రోగుల అనుభవం దొరుకుతుంది. నిపుణులు చేస్తున్న చికిత్సను సభకు నేరుగా చూపే లైవ్ వర్క్‌షాపులు కన్నును పదును పెడతాయి గానీ చేతికి ఏమీ నేర్పవు. చేతికి నేర్పేది సిమ్యులేటర్. కంప్యూటర్ తెరపై కృత్రిమ పేగును చూపే యంత్రమైనా, 1990లలో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పంది జీర్ణాశయంతో తయారైన నమూనా అయినా, మొదటి కొన్ని పదుల పరీక్షల్లో విద్యార్థి తడబాటును తగ్గించి రోగికి బాధ తప్పిస్తాయి. ఆ తొలి దశ దాటాక వాటి ప్రయోజనం వేగంగా తరిగిపోతుంది.

ప్రశ్న: డాక్టరు కాలేనివారికి ఈ రంగంలో చోటుందా?
– డిగ్రీ చదివే యువకుడు, పోతనాళ

జవాబు: ఉంది, పైగా జిల్లా స్థాయిలో అతి పెద్ద కొరత అక్కడే ఉంది. ఒక రోగి కడుపులోంచి తీసిన గొట్టం అరగంటకో గంటకో మరో రోగి నోట్లోకి వెళుతుంది కాబట్టి, ఆ మధ్య కాలంలో దాన్ని శుభ్రపరిచే టెక్నీషియన్ చేతుల్లోనే రెండో రోగి క్షేమం ఉంటుంది. రోగి పక్కనే ఉండగా ఎంజైమ్ ద్రావణాన్ని పీల్పించి గొట్టాన్ని తుడవాలి. ఎక్కడైనా చిల్లి పడిందేమో లీకేజీ పరీక్ష చేయాలి. లోపలి సన్నని దారులన్నిటినీ బ్రష్షుతో రుద్దాలి. ఆ తర్వాతే 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలైనా ముంచి, శుభ్రమైన నీటితో కడిగి, ఆల్కహాల్ పంపి, ఆరబెట్టి, నిలువుగా వేలాడదీయాలి. బ్రష్షుతో రుద్దకుండా మందులో ముంచితే, అంటుకున్న జిగురు కింద క్రిములు బతికే ఉంటాయి. రద్దీ రోజున ఎగ్గొట్టేదీ ఈ మెట్టే. ఈఆర్‌సీపీ గొట్టం కొసన ఉండే చిన్న మీట చుట్టూ ఈ పని మరింత ఓపిక కోరుతుంది.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఇలాంటి టెక్నాలజిస్టులకు చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది. ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీలో డిగ్రీ చేసి, తర్వాత పెద్ద ఎండోస్కోపీ విభాగంలో కొన్ని నెలలు పని నేర్చుకోవడం పోతనాళ యువకుడికి అందుబాటులో ఉండే దారి. తెలుగు, కన్నడం రెండూ వచ్చినవారికి ఇక్కడ అదనపు విలువ ఉంది: పరీక్షకు 6 గంటల ముందు అన్నం, 2 గంటల ముందు నీళ్లు మానాలని, పేగు శుభ్రపరిచే పొడిని ఎన్ని లీటర్ల నీటిలో కలిపి ఎప్పుడెప్పుడు తాగాలో, నాట్ల పనినుంచి నేరుగా వచ్చిన కూలీకి అర్థమయ్యే మాటల్లో చెప్పేవారు లేకే ఎన్నో పరీక్షలు మళ్లీ చేయవలసి వస్తోంది.

ప్రశ్న: బోధనాసుపత్రిలో విద్యార్థి చేత పరీక్ష చేయించుకోవడం ప్రమాదమా? రోగి ఏమి అడగవచ్చు?
– ఒక గృహిణి, పోతనాళ

జవాబు: సీనియర్ వైద్యుడు గదిలోనే నిలబడి తెరను చూస్తూ, అవసరమైన క్షణంలో గొట్టాన్ని తన చేతిలోకి తీసుకునే పద్ధతి ఉన్నచోట ప్రమాదం పెద్దగా పెరగదు. గొట్టం ఎవరు పట్టుకుంటారు, పక్కన ఎవరుంటారు, మత్తుమందు ఇస్తే ఊపిరినీ నాడినీ ఎవరు గమనిస్తారు అని అడిగే హక్కు, విద్యార్థి వద్దని చెప్పే హక్కు కూడా రోగికి ఉన్నాయి; అంగీకార పత్రంలో ఉన్నదాన్ని రోగికి తెలిసిన భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకోవాలి. పరీక్ష ముగిశాక ఫొటోలతో కూడిన నివేదికను, ముక్క తీసి ఉంటే కొన్ని రోజుల తర్వాత వచ్చే బయాప్సీ నివేదికను తప్పకుండా అడిగి తీసుకొని, రేషన్ కార్డుతో పాటు దాచుకొని, తర్వాత రాయచూరులో గానీ హైదరాబాద్‌లో గానీ చూపించుకునే ప్రతి వైద్యుడి ముందూ మొదట ఆ కాగితాలే పెట్టాలి.