గింజ మన చేతిలో ఉంటే

మచ్చ బొల్లారంలో పొద్దుగూకింది. ఆడవాళ్లు పనుల నుంచి ఇళ్లకు వచ్చారు. ఒక ఇంట్లో అవ్వ జొన్న రొట్టె చరుస్తోంది. ఆ చప్పుడు విని పక్కింటి కోడలు వచ్చింది.

"ఏందవ్వా, ఇయ్యాల రొట్టెలు చేస్తున్నవ్? రేషన్ బియ్యం అయిపోయినయా?"

అవ్వ నవ్వింది. "బియ్యం ఉన్నయి బిడ్డా. రొట్టె తింటే జల్ది ఆకలి కాదు. నా చిన్నతనంల ఇక్కడ అన్ని చేన్లే ఉండె. జొన్నలు, కందులు ఏసేటోళ్లం. ఇప్పుడు చేన్లు ప్లాట్లయినయి. ఈ జొన్నలు దుకాణంల కొన్న. శానా పిరం."

"జొన్నలు పేదోళ్ల తిండి అంటరు గద! మరి ఇంత పిరం ఎందుకయినయి?"

కోడలు మంచి ప్రశ్న అడిగింది. దాని జవాబు జహీరాబాదు అక్కచెల్లెళ్లకు తెలుసు. వాళ్ల కథ చదువుదాం.

బీడు భూమి పంట భూమి అయింది

హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు పోతే జహీరాబాదు వస్తుంది. అది ఒకప్పుడు మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. దాని పక్కనే పస్తాపూర్ అనే ఊరు ఉంది. 1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలైంది. ఆ సంస్థ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు పెట్టించింది. సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు. కూలికి పోతేనే వాళ్ల పొయ్యి వెలిగేది.

కొందరికి ఎకరమో రెండెకరాలో భూమి ఉంది. కాని దున్నడానికి ఎడ్లు లేవు. ఎరువు కొనడానికి పైసలు లేవు. భూమి బీడు పడింది.

ఆ 1983లోనే ఆంధ్రప్రదేశ్‌లో కిలో బియ్యం రెండు రూపాయల పథకం వచ్చింది. పేదల ఆకలి కొంత తీరింది. అది మంచి పని. కాని ఆ బియ్యం ఎక్కడో నీళ్లున్న చోట పండాలి. లారీల్లో రావాలి. ఇక్కడి భూమి మాత్రం బీడుగానే ఉంది. భూమి బీడు పడితే కూలి దొరకదు. పశువులకు మేత దొరకదు.

సంఘం ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకున్నారు. "మన భూమిలో పండిన జొన్నలు మన ఊళ్లోనే పంచుకుంటే ఎట్లుంటది?" అని ఆలోచించారు.

1990ల నడుమ ఆ పని మొదలైంది. దున్నకానికి, ఎరువుకు రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును పైసలతో కాదు, జొన్నలతో తీర్చాలి. అట్లా వచ్చిన జొన్నలను ఊళ్లోనే నిలవ చేశారు. పని దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు పేదది? ఏ ఇల్లు మరీ పేదది? ఆఫీసరు వచ్చి రాయలేదు. ఊరివాళ్లే కూర్చొని తేల్చారు.

బుట్టలో విత్తనం

ఈ ఆడవాళ్లు ఒకే చేనులో ఎన్నో పంటలు కలిపి వేస్తారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వు, ఇంకా ఎన్నో. వాన తక్కువై ఒక పంట పోతే ఇంకో పంట నిలుస్తుంది. కంది, పెసర వంటి పప్పు పంటలు భూమికి బలం ఇస్తాయి. జొన్నకు వరి అంత నీరు అక్కర లేదు.

విత్తనం బజారులో కొనరు. మంచి కంకులు ఏరి దాస్తారు. బుట్టలకు మట్టి, పేడ పూస్తారు. విత్తనంలో బూడిద, వేపాకు కలుపుతారు. పురుగు పట్టదు. విత్తనం లేని అక్క సంఘంలో అడిగి తీసుకుంటుంది. పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇస్తుంది. విత్తనం కోసం షావుకారి ముందు చేయి చాచే పని లేదు.

ఏటా సంక్రాంతి నాడు పాత పంటల జాతర మొదలవుతుంది. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. 2008లో మాచ్‌నూర్‌లో ఈ ఆడవాళ్లే సంఘం రేడియో పెట్టుకున్నారు.

ప్రపంచం ఏం చేస్తోంది?

ఆకలి మన ఊరి బాధ ఒక్కటే కాదు. 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. అంటే పన్నెండు మందిలో ఒకరు.

దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం పేరు ఐక్యరాజ్య సమితి. 1945 అక్టోబరు 16న దాని ఆహార, వ్యవసాయ సంస్థ పుట్టింది. అందుకే అక్టోబరు 16ను ప్రపంచ ఆహార దినంగా జరుపుతారు. 2030 నాటికి ఆకలి లేకుండా చేయాలని 2015లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. భూమి, నీరు పాడు కాకుండా పంట పండించాలని కూడా అనుకున్నాయి.

మన పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ అనే ప్రపంచ సంస్థ ఉంది. అక్కడి చల్లని గదుల్లో ఎన్నో దేశాల జొన్న, సజ్జ, కంది విత్తనాలను దాచారు. లక్షకు పైగా రకాలు ఉన్నాయి. జహీరాబాదు అక్క బుట్టలో చేసే పనే అది.

2019లో ఐక్యరాజ్య సమితి వాళ్లు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. చదువు రాదని, పేదలని లోకం చిన్నచూపు చూసిన ఆడవాళ్ల సేద్యం లోకానికి పాఠం అయింది.

కోడలి ప్రశ్నకు జవాబు

జొన్నలు పిరం ఎందుకయ్యాయి? వరికి నీళ్లు వచ్చాయి, సర్కారు కొనుగోలు వచ్చింది. జొన్నకు ఆ అండ దొరకలేదు. వేసేవాళ్లు తగ్గారు. ఇప్పుడు పట్నంలో షుగరు ఉన్నవాళ్లు కూడా రొట్టె తింటున్నారు. అడిగేవాళ్లు పెరిగారు. అందుకే ధర పెరిగింది.

"మనకు భూమి లేదు గదా, మనమేం జేస్తం?" అంది కోడలు.

భూమి లేకున్నా హక్కు ఉంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే అని ఆ చట్టం చెప్పింది. బియ్యం, గోధుమలతో పాటు జొన్న, సజ్జ వంటి ముతక ధాన్యం మాట కూడా అందులో ఉంది. పక్కనున్న కర్ణాటకలో రేషన్‌లో జొన్నలు, రాగులు ఇచ్చే ఏర్పాటు చేశారు.

ఈ మాట విన్న కోడలు పలక పక్కన పెట్టి కాగితం తీసింది. కూడబలుక్కుంటూ రాసింది.

"మా రేషన్ దుకాణంలో జొన్నలు కూడా ఇవ్వాలి."

కింద తన పేరు రాసింది. కాగితం అవ్వకు ఇచ్చింది. అవ్వ చేతుల పిండి దులుపుకుంది. వేలిముద్ర వేయలేదు. ఒక్కొక్క అక్షరం దిద్ది సంతకం చేసింది.

"పా బిడ్డా, పక్కిండ్లకు గూడ పోదాం" అంది.

కొత్త మాటలు
చిరుధాన్యాలు: జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ వంటి ధాన్యాలు.
చట్టం: అందరూ పాటించాలని సర్కారు చేసిన కట్టుబాటు.

ఆలోచించి చెప్పండి
1. జహీరాబాదు ఆడవాళ్లు అప్పును దేనితో తీర్చారు? అందువల్ల ఊరికి ఏం లాభం వచ్చింది?
2. ఒకే చేనులో పది రకాలు వేస్తే ఏం మేలు?
3. మీ ఇంటి రేషన్ కార్డు తీసి చదవండి. ఇంటి పెద్దగా ఎవరి పేరు ఉంది?